సూర్యప్రభ పంచదార డబ్బా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో సూర్యప్రభ ఇంటి అటక సంగతి తెలియని చుట్టం ఉండడు. పాలకొల్లు వైపు నుంచి కొత్తకోడలిగా ఈ సందుకు వచ్చిన నాటి నుంచి ఇప్పటిదాకా ఆవిడ ఒక్క స్టీలు గిన్నె బయటికి పోనిచ్చింది లేదు. గృహప్రవేశంలో ఇచ్చిన పళ్ళెం, ఓణీల ఫంక్షన్‌లో పంచిన గిన్నె, వ్రతంలో చేతిలో పెట్టిన గ్లాసు, ఏదైనా సరే కడిగి, తుడిచి, పాత చీరముక్కలో మూటగట్టి అటకెక్కించడమే. రోజూ వాడేది మాత్రం పెళ్ళినాటి సొట్టల గిన్నెలే.

"అవన్నీ దేనికి ప్రభా?" అని భర్త విశ్వేశ్వరరావు ఏడాదికోసారి అడిగేవాడు.

"ఉండనివ్వండి. అన్నం పెట్టమంటున్నాయా, నీళ్ళు పొయ్యమంటున్నాయా?"

"ఏదో ఒకరోజు ఆ అటక నా మీద పడుతుంది. అప్పుడు నా పేరు కొట్టించి ఊరందరికీ ఇంకో లారీ గిన్నెలు పంచుదువుగాని."

ఆయన అన్నది వేళాకోళమే అయినా అందులో అబద్ధం లేదు. మనవాళ్ళకు గిన్నె ఇస్తే చాలదు, దాని మీద పేరు కొట్టించాలి. పెళ్ళికైతే వధూవరుల పేర్లు, గృహప్రవేశానికైతే ఇంటివాళ్ళ పేర్లు. మనిషి పోతే పెద్దకర్మ నాడు భోజనానికి వచ్చిన వాళ్ళందరికీ ఒక డబ్బానో పళ్ళెమో ఇస్తారు. దాని మీద 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' అని ఉంటుంది, కింద భార్యాపిల్లల పేర్లుంటాయి. వయసు అరవైకి దగ్గర పడేసరికి సూర్యప్రభకు పెళ్ళి పిలుపులు తగ్గి ఈ పిలుపులు ఎక్కువయ్యాయి. అటక మీద కొత్తగా చేరేవన్నీ ఆ బాపతు గిన్నెలే. వాటిలో వండుకోవడానికి చెయ్యి రాదు, పారెయ్యడానికి మనసు రాదు.

చివరిది పోయిన కార్తీకంలో చేరింది. విశ్వేశ్వరరావుతో హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు బాపిరాజు, పాలకొల్లు దగ్గర చినగరువులో, గుండె ఆగి పోయాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ బస్సెక్కి పెద్దకర్మకు వెళ్ళారు. మూతతో ఎత్తయిన డబ్బా ఇచ్చారు, మందపాటి స్టీలు, మంచి సరుకు. కానీ ఆ ప్రయాణం మాటొస్తే చాలు, సూర్యప్రభ డబ్బా గురించి కాదు, భోజనాల గురించే ఏకరువు పెట్టేది. "పొద్దు తిరిగిపోయేదాకా విస్తరి వెయ్యలేదమ్మా! డబ్బాల మీద పేర్లేవో తప్పు పోయాయట, మళ్ళీ పాలకొల్లు షాపుకు పంపారట. అవొచ్చేదాకా వడ్డించొద్దని లోపల్నుంచి ఆ ఇంటావిడ హుకుం. షుగరున్న మనిషిని, కళ్ళు తిరిగి అక్కడే పడిపోయేదాన్ని." ఈ కథ సందులో అందరికీ నోటికొచ్చేసింది.

అలాంటి అటకకు ఈ వేసవిలో మోక్షం వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో వాళ్ళకున్న చిన్న ఫ్లాటు ఖాళీ అయింది. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కూతురు మృదుల దాన్ని నెల అద్దెకు ఇవ్వొద్దంది.

"ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోజూ ఎంతమంది దిగుతారో చూశావా అమ్మా? విజయవాడ బస్సెక్కేవాళ్ళు, పరీక్షలకొచ్చేవాళ్ళు, పెళ్ళిళ్ళకొచ్చేవాళ్ళు. వాళ్ళకు హోటలొద్దు, ఒకటి రెండు రోజులకు ఇల్లు కావాలి. ఫోన్లో యాప్‌లో పెడదాం, వాళ్ళే చూసి వస్తారు, ఉండి వెళ్ళాక ఎలా ఉందో అందులోనే రాస్తారు. కాకపోతే వంటిల్లు పూర్తిగా ఉండాలి. చెంచాతో సహా."

ఆ ఆఖరి మాట సూర్యప్రభ చెవిన పడ్డాక ఇంక ఆవిణ్ణి ఆపగలిగేది ఎవరు? ఇన్నేళ్ళూ ఆయన ఉద్యోగం, పిల్ల చదువు, అత్తగారి మందులు, వీటి చుట్టూనే తిరిగింది. జీవితంలో మొదటిసారి తనదంటూ ఒక వ్యవహారం దొరికింది. మూటలు మూటలుగా గిన్నెలు ఆటోల్లో ఎల్‌బీ నగర్ చేరాయి. మూకుడు, అట్లపెనం, ఇడ్లీ పాత్ర, పప్పుగుత్తి, పట్టకారు, పోపుల డబ్బా. నా ఇంటికొచ్చిన మనిషి జల్లెడ కోసం కూడా మెట్లు దిగకూడదు అని ఆవిడ పంతం.

అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య యాదలక్ష్మి ఫ్లాటు ఊడ్చి తుడిచే మనిషి. ఆమె ఆ సరంజామా చూసి నోరు వెళ్ళబెట్టింది.

"గిన్ని గిన్నెలేందమ్మా? ఒచ్చేటోళ్ళు రెండు దినాలుంటరా, కాపురం పెడ్తరా?"

"ఉండనీ. ఎవరికేం కావాలో మనకేం తెలుసు?"

"అన్నీ తెచ్చినవ్ గని రొట్టెల పెంక యాది మరిసినవ్. మా దిక్కోళ్ళు ఒస్తే జొన్నరొట్టె ఎట్ల జేసుకుంటరు?" అని తన ఇంట్లోంచి ఒకటి తెచ్చి తగిలించింది.

మృదుల మాత్రం ముందే షరతు పెట్టింది. "ఆర్నెల్లు చూద్దాం. వచ్చినవాళ్ళు తిడుతూ రాశారంటే కోచింగ్ పిల్లల హాస్టలుకు ఇచ్చేస్తా."

తిట్టడానికి ఏముంటుంది అనుకుంది సూర్యప్రభ. అనుకున్న పక్షం రోజులకే ఫోను మోగింది. నాగోల్ దగ్గర ఫంక్షన్ హాల్లో కూతురి పెళ్ళి పెట్టుకుని నల్లగొండ వైపు నుంచి వచ్చిన భిక్షపతి అనే ఆయన, ముందు రోజే కుటుంబంతో ఫ్లాటులో దిగాడు.

"అమ్మా, నువ్వే గద ఇంటామె? గీ పళ్ళెం మీద ఏం రాసున్నదో ఎర్కేనా నీకు?"

"ఏం రాసుంది బాబూ?"

"కీర్తిశేషులు మల్లికార్జునరావు అని రాసున్నది. మా పోరిని పెండ్లిపిల్లను జేసేటందుకు పసుపు గీండ్లనే కలిపినం. పాలు కాసిన గిన్నె తిప్పి సూస్తే దాని మీద ఇంకో సచ్చిపోయినామె పేరు. ఇది ఇల్లా, ఇంకేమన్ననా?"

వెనక నుంచి ఆయన తల్లి ముత్తమ్మ గొంతు ఫోను పగిలేలా వినిపించింది. "మంచి జేసుకుందమని ఒస్తే సచ్చినోళ్ళ గిన్నెలు పెడ్తరా? జర దేవునికన్న భయపడుండ్రి!"

నిజం చెప్పొద్దూ, అటక దింపే హడావుడిలో ఆ గిన్నెల మీద పేర్లున్నాయన్న సంగతే సూర్యప్రభకు తట్టలేదు. ఏళ్ళ తరబడి చూసి చూసి ఆవిడ కంటికి అవి అక్షరాలు కావు, గీతలు. ముత్తమ్మ గారు పిల్లకు మళ్ళీ తలంటి, కొత్త పళ్ళెం తెప్పించి, పసుపు మళ్ళీ కలిపించిందట. వెళ్ళేముందు భిక్షపతి ఫోన్లో రాయవలసిందంతా రాసిపోయాడు.

సాయంత్రం మృదుల ఊగిపోతూ వచ్చింది. "పోయినవాళ్ళ పేర్ల మీద గెస్టులకు పాలు కాయిస్తావా అమ్మా? అసలెలా వచ్చింది నీకా ఆలోచన?"

విశ్వేశ్వరరావు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, భార్య చూపు చూసి ఊరుకున్నాడు. అన్నీ తీసేసి కొత్తవి కొందామంది మృదుల. ససేమిరా అంది సూర్యప్రభ. చివరికి మధ్యేమార్గం కుదిరింది. పేర్లున్న పళ్ళేలు, గిన్నెలు మళ్ళీ అటకెక్కాయి, వాటి చోట నాలుగు కొత్తవి వచ్చాయి. డబ్బాలు మాత్రం ఉన్నాయి, వాటి మీది పేర్లు కనబడకుండా మృదుల తెచ్చిన వెడల్పాటి రంగు స్టిక్కర్లు పడ్డాయి. షుగర్, సాల్ట్, రైస్, దాల్ అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. బాపిరాజు పెద్దకర్మ డబ్బా ఎత్తుగా ఉంటుంది కనుక దానికి షుగర్ స్టిక్కరు పడింది.

"ఇంకో మాట. వచ్చినవాళ్ళను మీదే ఊరు, ఎవరింటి పిల్లవు అని ఆరాలు తియ్యకు. వాళ్ళు గెస్టులు, మన చుట్టాలు కాదు" అని హెచ్చరించి వెళ్ళింది మృదుల. ఇంకొక్కరు అలా తిడుతూ రాస్తే ఫ్లాటు హాస్టలుకేనని మళ్ళీ చెప్పింది.

ఆ తరవాత కొన్నాళ్ళు ప్రశాంతంగానే గడిచాయి. ఒకరోజు పుణె నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. పేరు భావన. ఉదయం రైలు దిగి, సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో ఆంధ్రా బస్సెక్కాలి. మధ్యలో ఒక్క పగటికి ఇల్లు కావాలి.

"ఆంటీ, మీ వంటింట్లో మందపాటి మూకుడు ఉందా? మిక్సీ ఉందా?"

"మూకుడేమిటమ్మా, జల్లెడతో సహా ఉన్నాయి. ఏం వండుతావు?"

"సున్నుండలు. ఇక్కడ హాస్టల్లో పొయ్యి లేదు. అందుకే మీ ఇల్లు తీసుకుంటున్నా."

సూర్యప్రభ ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకు తన వంటింటిని చూసి వచ్చే మనిషి దొరికింది. అన్న రోజున తనే ముందుగా ఎల్‌బీ నగర్ వెళ్ళి, మినపగుళ్ళు, బెల్లం, నెయ్యి గట్టు మీద పెట్టి ఎదురుచూసింది.

భావనకు ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, కళ్ళ కింద నలుపుతో, చేతిలో చిన్న సంచీతో వచ్చింది. మూకుడు చేతికి తీసుకుని బరువు చూసి, "అమ్మ మూకుడులాగే ఉంది" అంది. ఆ యాస విన్నాక ఏ ఊరమ్మా అన్న మాట సూర్యప్రభ నాలుక చివరిదాకా వచ్చింది. మృదుల గుర్తొచ్చి మింగేసింది. ఆవిడ జన్మలో అంత కష్టమైన పని చేసి ఎరగదు.

అడగకపోయినా భావనే చెప్పింది. "నాన్నకోసం ఆంటీ. ఏడేళ్ళయింది మేం మాట్లాడుకుని. నామీద కోపం. ఏడాదికోసారి ఫోను చేస్తాను, నా గొంతు వినగానే పెట్టేస్తాడు. ఈమధ్య అదీ లేదు, స్విచాఫ్ వస్తోంది. నాతో మాట్లాడాల్సి వస్తుందని నంబరే మార్చేసినట్టున్నాడు."

"అయ్యో తల్లీ. మరి వెళ్తే?"

"గుమ్మంలో నిలబడతాను. తిడితే పడతాను. సున్నుండలు చూస్తే మాత్రం ఆగలేడు, చిన్నప్పుడు నాతో పోటీపడి తినేవాడు. నన్ను రమ్మనకపోయినా డబ్బా అయినా లోపలికి తీసుకుంటాడు కదా." అని నవ్వింది. ఆ నవ్వు సూర్యప్రభకు తెగ నచ్చింది. తండ్రీకూతుళ్ళను కలిపే పని తన వంటింట్లో జరుగుతోందన్న సంబరంతో దిల్‌సుఖ్‌నగర్ తిరిగొచ్చి, భర్తకు పూసగుచ్చినట్టు చెప్పింది.

భోజనాలయ్యాక ఫోను వచ్చింది.

"ఆంటీ, సున్నుండలు అయిపోయాయి. పెట్టుకెళ్ళడానికి ఇక్కడి డబ్బా ఒకటి తీసుకోవచ్చా? తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తాను."

"దానికి అడగాలా అమ్మా? తీసుకో. ఇంతకీ ఏ ఊరు వెళ్ళేది?" అడగకూడని ప్రశ్న అడిగేసింది. నోరు జారింది, ఇంక వెనక్కి రాదు.

"పాలకొల్లు దగ్గర చినగరువు ఆంటీ."

"చినగరువా! మా వారిది పక్క ఊరే. ఎవరమ్మాయివి?"

"బాపిరాజు గారమ్మాయిని. మీకు తెలుసా నాన్న?"

సూర్యప్రభ కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది.

"ఆంటీ? వినబడుతోందా? డబ్బాల్లో ఆ పొడుగ్గా, మందంగా ఉన్నది తీసుకుంటున్నా. షుగర్ అని రాసుందే, అది. పంచదార వేరే దాంట్లో పోశాను."

ఫోను పెట్టేసిన సంగతి కూడా సూర్యప్రభకు తెలియలేదు. బతికున్నాడనుకుంటున్న తండ్రికి, ఆయన పెద్దకర్మ డబ్బాలోనే సున్నుండలు పెట్టుకుని వెళ్తోంది పిల్ల. ఆ డబ్బా అక్కడ పెట్టింది ఎవరు? తనే. స్టిక్కరు అతికించింది ఎవరు? పక్కన నిలబడి, వంకర పోయిందని సరిచేసి మరీ అతికించింది తనే. ఆవిడకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

విశ్వేశ్వరరావు విని, మంచం మీద లేచి కూర్చున్నాడు. "బాపిరాజు కూతురా? అక్క కొడుక్కిచ్చి చేశాడు ప్రభా. వాడి దగ్గర ఇమడలేక పిల్ల విడాకులు తీసుకుని వెళ్ళిపోయింది. అక్కకు మొహం చూపించలేక నాకు కూతురే లేదన్నాడు వీడు. పెద్దకర్మ నాడు అమ్మాయి రాలేదేం అని నేనడిగితే, దూరంలో ఉంది, రాలేకపోయింది అన్నాడు కొడుకు నాగార్జున. చెప్పనేలేదన్నమాట!"

"నేను వెళ్ళి డబ్బా మార్చేస్తాను. కొత్తది ఇస్తాను. మన నోటితో ఎందుకండీ ఆ మాట? ఊరెళ్తే వాళ్ళవాళ్ళే చెప్పుకుంటారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రాత్రంతా బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్తుంది. పొద్దున గుమ్మంలో నిలబడి, నాన్నా అని పిలిచి, గోడ మీద దండేసిన ఫోటో చూస్తుంది. అది నయమా?"

"మరైతే మీరూ రండి."

"నావల్ల కాదు ప్రభా. వాడు నా స్నేహితుడు." ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

సూర్యప్రభ ఒక్కతే బయల్దేరింది. చెప్పాలో మానాలో తేలలేదు గానీ ఆ డబ్బా మాత్రం ఆ పిల్ల చేతుల్లోంచి తీసెయ్యాలి. రోడ్డు మీద స్టీలు సామాన్ల షాపులో కొత్త డబ్బా కొంది. "పేరు కొట్టాల్నా మేడం? చిటికెల అయితది" అన్నాడు షాపతను. "వద్దు!" అని ఆవిడ అరిచిన అరుపుకు పక్కనున్నవాళ్ళు వెనక్కి తిరిగారు.

మెట్రో మెట్లెక్కుతూ యాదలక్ష్మికి ఫోను చేసింది. "ఆ అమ్మాయి దగ్గర షుగర్ డబ్బా ఉంది. తీసుకుని నీ దగ్గర పెట్టుకో, నేనొస్తున్నా."

"ఎట్ల తీసుకుంటనమ్మా? గామె సబ్బేసి కడుగుతున్నది. స్టిక్కర్ ఊడతలేదని వేడినీళ్ళల్ల నానబెట్టింది."

"ఊడనివ్వకు!"

"ఏందమ్మా, గంత పరేషాన్ అయితున్నవ్? డబ్బల బంగారమేమన్న ఉన్నదా?"

చైతన్యపురి వచ్చింది, విక్టోరియా మెమోరియల్ వచ్చింది, ప్రతి స్టేషన్లో తలుపులు తెరుచుకుని మూసుకునే ఆ కాసేపూ సూర్యప్రభ గడియారమే చూసుకుంది. ఎల్‌బీ నగర్‌లో దిగి, షేర్ ఆటోల మధ్య నుంచి, ఎవరేం తిడుతున్నా వినిపించుకోకుండా రోడ్డు దాటింది. వేయించిన మినప్పప్పు వాసన, కాగిన నెయ్యి వాసన మెట్ల మీదికే వచ్చేశాయి. తలుపు తీసే ఉంది.

గట్టు మీద పళ్ళెం నిండా సున్నుండలు, అన్నీ ఒకే కొలతలో. పక్కన తువ్వాలు మీద డబ్బా బోర్లించి ఉంది. స్టిక్కరు ఒక మూల లేచి ముడుచుకుంది, ఇంకా ఊడలేదు.

"వచ్చారా ఆంటీ! మధ్యలో ఫోను కట్టయింది. ముందిది తిని చెప్పండి, పాళ్ళు కుదిరాయో లేదో" అని భావన ఒకటి చేతిలో పెట్టింది.

తనకు షుగరు జబ్బున్న సంగతి సూర్యప్రభకు గుర్తు రాలేదు. నోట్లో పెట్టుకుంది. బ్రహ్మాండంగా కుదిరింది. తలూపింది.

"బాగుందా? నాన్నకు ఇంకాస్త నెయ్యి కారాలి, అందుకే విడిగా చిన్న సీసాలో పోశాను. అయ్యో, కొత్త డబ్బా తెచ్చారా నాకోసం? ఎందుకాంటీ, ఇదే బావుంది. మందపాటి స్టీలంటే నాన్నకు ఇష్టం. ఇంగ్లీషు స్టిక్కరుంటే వెక్కిరిస్తాడు, ఇదొక్కటీ పీకేస్తే..." అంటూ లేచిన మూల గోటితో పట్టుకుంది.

సూర్యప్రభ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగమ్మా. పీకకు. నా మాట విను, ముందు కూర్చో."

"ఏమైందాంటీ? ఎందుకు పీకొద్దు?"

మెట్రోలో ఎన్నో రకాలుగా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఉన్నమాట ఒక్కటే మిగిలింది. "మీ నాన్నగారు లేరమ్మా. పోయిన కార్తీకంలో పోయారు. మా వారూ నేనూ పెద్దకర్మకు వెళ్ళొచ్చాం."

భావన మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "మీరు వేరే ఎవరి గురించో చెప్తున్నారు ఆంటీ. మా ఊళ్ళో బాపిరాజులు చాలామంది ఉన్నారు."

సూర్యప్రభ డబ్బా వైపు చూసింది. భావన ఆవిడ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, స్టిక్కరు ఒక్క లాగు లాగింది. నానిన స్టిక్కరు మొత్తంగా వచ్చేసింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. కీ.శే. బాపిరాజు గారి జ్ఞాపకార్థం.

పిల్ల ఏడుస్తుందనుకుంది సూర్యప్రభ, పట్టుకోవడానికి చేతులు చాపింది కూడా. భావన ఏడవలేదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మామూలు గొంతుతో అంది.

"దీపావళి వెళ్ళాక చేశాను. స్విచాఫ్ వచ్చింది. నంబరు మార్చేశాడని తిట్టుకున్నానాంటీ. నాన్నని తిట్టుకున్నాను."

గుమ్మంలో నిలబడ్డ యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కింద వీధిలో పండ్ల బండి మైకు అరుస్తూనే ఉంది. భావన వేలు కిందికి జరిగి ఒకచోట ఆగిపోయింది.

"ఇదేంటి?"

సూర్యప్రభ వంగి చూసింది. 'భార్య సుభద్రాయమ్మ, కుమారుడు నాగార్జున' అని ఒక వరస తీరుగా ఉంది. దాని కింద, డబ్బా అంచుకు ఆనుకుని, చోటు చాలక ఇరికించినట్టు, వేరే చేత్తో కొట్టిన చిన్న అక్షరాలు. 'కుమార్తె భావన.'

ఈ డబ్బాను ఆవిడ కడిగింది, తుడిచింది, పంచదార పోసింది, స్టిక్కరు వేసింది. ఒక్కసారి కూడా చివరిదాకా చదవలేదు.

"నాకు ఫోను చెయ్యలేదు. చచ్చిపోయాడని చెప్పలేదు. నా పేరు మాత్రం డబ్బాల మీద కొట్టించి ఊరంతా పంచారా?" ఇప్పుడు భావన గొంతు లేచింది. "ఊళ్ళోవాళ్ళు అడుగుతారనా? పరువు కోసమా? చెప్పండాంటీ, మీరు అక్కడ ఉన్నారుగా! ఎందుకు కొట్టించారు?"

సూర్యప్రభ ఆ చివరి వరస మళ్ళీ చదివింది. ఎవరికి పడితే వాళ్ళకు చెప్పుకుని నవ్వించిన ఆ రోజు, ఎండిన గొంతుతో పందిట్లో కూర్చున్న ఆ రోజు, ఇప్పుడు కళ్ళముందు తిరిగి నిలబడింది. డబ్బాల మీద పేర్లు తప్పు పోలేదు. ఒక పేరు వదిలేశారు.

"పరువు కోసం కాదమ్మా" అంది. "ఆ రోజు వంటలన్నీ అయి, జనమంతా కూర్చున్నాక డబ్బాలొచ్చాయి. మీ అన్నయ్య తెప్పించాడు. లోపలి గదిలోంచి మీ అమ్మ వాటిని చూసి, వెనక్కి పంపి సరిచేయించమంది. అవి మళ్ళీ వచ్చేదాకా ఎవ్వరికీ విస్తరి వెయ్యొద్దంది. మీ అన్నయ్య లోపలికీ బయటికీ తిరిగాడు, పెద్దవాళ్ళు వెళ్ళి నచ్చజెప్పారు, ఆవిడ వినలేదు. ఊరంతా ఆకలితో కూర్చుంది. ఏం తప్పో మాకెవరికీ చెప్పలేదు." ఆవిడ ఆ ఇరుకు అక్షరాల మీద చెయ్యి పెట్టింది. "తప్పు ఇదమ్మా. నీ పేరు లేకపోవడమే."

అప్పుడు ఏడ్చింది భావన. గట్టు కింద నేల మీద కూర్చుని, డబ్బాను పొట్టకు అదుముకుని, నాన్నా అనీ అమ్మా అనీ కలిపి ఏడ్చింది. సూర్యప్రభ పక్కనే చతికిలబడింది. ఊరుకో అనలేదు, ఆవిడకే ఊరుకోవడం చేతకాలేదు.

కాసేపటికి భావన లేచి మొహం కడుక్కుంది. డబ్బా లోపల పొడిగుడ్డతో తుడిచి సున్నుండలు సర్దడం మొదలుపెట్టింది.

"ఎవరికమ్మా?" అని భయపడుతూనే అడిగింది సూర్యప్రభ.

"అమ్మకి. ఆవిడ ఫోను అన్నయ్య చేతిలో ఉంటుంది. అందుకే నేనెప్పుడూ ఆవిడకు చెయ్యలేదు." మూత పెట్టి నొక్కింది. "ఈ డబ్బా మీకు తిరిగివ్వలేను ఆంటీ. ఊళ్ళో అందరిళ్ళల్లో ఉంటుంది. నాకే లేదు."

"ఇవ్వొద్దు తల్లీ. అది నీదే."

బస్సు ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు ఎక్కేదాకా సూర్యప్రభ బస్టాపులోనే నిలబడింది. కిటికీలో భావన, ఒళ్ళో డబ్బా, పేర్లున్న వైపు తనవైపుకు తిప్పుకుని కూర్చుంది. కొత్త డబ్బా ఇంకా సూర్యప్రభ చేతిలోనే ఉంది. ఫోను మోగింది.

"చెప్పావా ప్రభా?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"చెప్పానండీ."

"ఏమడిగింది?"

"ఆ రోజు భోజనాలు ఎందుకు ఆలస్యమయ్యాయో నేను చెప్పాల్సొచ్చింది." అవతల ఆయనకు అర్థం కాలేదు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆవిడ బస్టాపు బెంచీ మీద కూర్చుండిపోయింది. "ఆ తల్లి ఒక్క పేరు కోసం ఊరినంతా కూర్చోబెట్టిందండీ. నేను ఆకలేసిందని ఇన్నాళ్ళూ తిట్టాను."